ఓడ యెక్కుటకు ముందు
(కేరీగారి కుటుంబపు ప్రయాణ సన్నాహము)

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. ఈ రెండు కార్యములయందును మనుష్యుని ఓర్పు, ధనము, బంధువుల మనస్సు ఒక్కమారే పరీక్షింపబడును. కట్టుకొన్న యింటిని విడిచి, భార్యను బిడ్డలను వెంటబెట్టుకొని, తిరిగి వచ్చుట నిశ్చయము లేని దూరదేశమునకు సువార్తసేవకై ఓడ యెక్కుట ఈ రెంటికంటెను కఠినమైన మూడవ కార్యమని చెప్పవచ్చును.

మిషనెరీల జీవితచరిత్రలు చదువునప్పుడు మనము సాధారణముగా వారు ఓడ దిగిన దినమునుండియే శ్రద్ధ వహింతుము. వారు నేర్చిన భాషలు, స్థాపించిన పాఠశాలలు, అచ్చు వేయించిన గ్రంథములు మన కన్నుల యెదుట నుండును. ఓడ యెక్కుటకు ముందు గడచిన మాసములు ఒకటి రెండు పుటలలో ముగిసిపోవును. కాని విశ్వాసమనగా నేమో తెలిసికొనగోరువారు ఆ పుటలను మరల మరల చదువవలెను. ఏలయనగా, దేశము చేరినవానికి చేయుటకు పని యుండును. చేసినదాని ఫలము కొంతయైనను కంటికి కనబడును. సన్నాహములో నున్నవాని కట్టి యాధారము లేదు. చూడని దేశమును నమ్మి, చూచుచున్న యింటిని విడువవలెను. అంతియగాక, ఆ నమ్మకము ఇంటనున్న వారందరికిని ఒకే దినమున, ఒకే కొలతగా కలుగదు. ఈ రెండవ సంగతిని వివరించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఇందులకు 1793వ సంవత్సరమున ఇంగ్లండునుండి బంగాళదేశమునకు బయలుదేరిన విలియము కేరీగారి కుటుంబమును ఉదాహరణముగా గైకొనుచున్నాము. ఆ కుటుంబముతో తెలుగువారికిని సంబంధము గలదు. 1814లో శ్రీరామపురమున అచ్చుపడిన తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించినది కేరీగారే. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచటి ముద్రాలయమునుండియే వెలువడెను. ఈ గ్రంథములకు వెనుక ఒక చిన్న పల్లెలో, ఒక యుదయమున, భోజనపు బల్లయొద్ద జరిగిన సంభాషణ యొకటి గలదు. ఆ సంభాషణ మరియొక విధముగా ముగిసియుండినచో ఈ కథ మరియొక విధముగా నడచియుండెడిది.

గోడమీది పటము

కేరీగారు 1761 ఆగస్టు 17వ తేదీన నార్తాంప్టను మండలములోని పాలర్సుపురి యను గ్రామమున జన్మించిరి. తండ్రి ఎడ్మండుగారు మొదట నేతపని చేసి, పిమ్మట గ్రామ పాఠశాలకు ఉపాధ్యాయులైరి. కుమారుడు జోళ్లు కుట్టు పనిలో చేరెను. 1781 జూన్ 10వ తేదీన, ఇరువది యేండ్లు నిండకమునుపే, పిడింగ్టను గ్రామమున డారతీ ప్లాకెట్టు అను ఆమెను వివాహమాడిరి. ఆమె భర్తకంటె కొన్ని యేండ్లు పెద్దది. ఆ కాలమున పల్లెలలోని స్త్రీలకు చదువు చెప్పించుట యరుదు గనుక, వివాహపు రిజిస్టరులో ఆమె తన పేరు వ్రాయలేక గుర్తు మాత్రము పెట్టెను. వారి తొలి బిడ్డ రెండేండ్ల ప్రాయముననే జ్వరముచేత మరణించెను. అదే జ్వరము తండ్రికిని తగిలి, చిన్నతనముననే ఆయన తలవెండ్రుకలు రాలిపోయినవి.

1785లో ఈ దంపతులు మౌల్టను అను గ్రామమునకు వచ్చిరి. అచట కేరీగారు పిల్లలకు చదువు చెప్పుచు, జోళ్లు కుట్టుచు, చిన్న బాప్తిస్టు సంఘమునకు బోధకులుగా పనిచేసిరి. ఈ మూడు పనుల రాబడియు కలిసి కుటుంబమును పోషించుటకు చాలకుండెను. ఆ పని చేయుచునే వారు లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చిరి. నావికుడైన కుక్కుగారి సముద్రయాత్రల గ్రంథమును చదివి, కాగితములను ఒకదానికొకటి అంటించి, గొప్ప ప్రపంచపటము నొకదానిని తయారుచేసి పనిచేయు స్థలమున గోడకు తగిలించిరి. ఆ పటముపై ఒక్కొక్క దేశపు జనసంఖ్య, మతము మొదలగు వివరములు తమ చేతితో వ్రాసికొనిరి.

విద్యార్థులు ఈ పటమును తరచుగా విని యుందురు. కాని ఆ యింటిలో మరియొకరు కూడ నివసించుచుండిరని మనము జ్ఞాపకము చేసికొనవలెను. భర్త జోడు కుట్టుచు తల యెత్తి ఆ పటమును చూచుచుండగా, డారతీగారు రొట్టె కాల్చి, బట్టలుతికి, చంటిబిడ్డ నెత్తుకొని ఆ గోడ ప్రక్కనే తిరుగుచుండిరి. ఆయనకు కొన్ని సంవత్సరములు దూరదేశములను గూర్చి తలంచుటకు అవకాశము దొరకెను. ఆమెకు ఆ యవకాశము దొరకలేదు. ఒకే గోడకు ఎదురుగా కాపురము చేసిన యిద్దరిలో ఒకరికి పిలుపు ముందుగాను, ఒకరికి ఆలస్యముగాను వినబడుటలో ఆశ్చర్యము లేదు.

మోకు పట్టినవారు

1792లో కేరీగారు 87 పుటల చిన్న గ్రంథము నొకదానిని ప్రకటించిరి. క్రైస్తవులు అన్యదేశములకు సువార్త చేర్చుటకు బద్ధులా కారా యను ప్రశ్నను అందులో విచారించి, భూగోళమునందలి దేశముల పేళ్లను, జనసంఖ్యను పట్టికలుగా వేసి చూపిరి. లోకమునందలి జనసంఖ్య అప్పటికి 73 కోట్లకు పైబడి యుండునని వారు లెక్కకట్టిరి. ఆ మే మాసాంతమున నాటింగ్‌హాములో కూడిన బోధకుల సభలో, యెషయా గ్రంథములోని 54వ అధ్యాయమును ఆధారము చేసికొని ప్రసంగించిరి. గుడారపు తెరలను విశాలపరచి, త్రాళ్లను పొడిగించి, మేకులను దిట్టపరచుడని ప్రవక్త చెప్పిన మాటలు ఆ సభలోనివారి హృదయములలో నాటుకొనెను.

1792 అక్టోబరు 2వ తేదీన కెటరింగు పట్టణమున ఒక విధవరాలి యింట చిన్న కూటము జరిగెను. అచటనే మిషను సంఘము స్థాపింపబడెను. కూడినవారు పేద సంఘముల బోధకులు. వారు చందా లిచ్చెదమని వ్రాసియిచ్చిన మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్సులు. ఆ వాగ్దానపు చీటీలను వేయుటకు తగిన పెట్టె లేక, ఫుల్లరుగారి పొడుముడబ్బీనే ఉపయోగించిరి. ఈ యల్పధనముతో భూమి యావలికొనకు మనుష్యులను పంప సాహసించుట వారి విశ్వాసము.

1793 జనవరిలో ఆ సంఘమువారు మరల కెటరింగులో కూడినప్పుడు, బంగాళములో అదివరకే కొంతకాలము నివసించివచ్చిన జాను తామసు అను వైద్యుని పంపుటకు నిశ్చయింపబడెను. ఆయనతోకూడ వెళ్లుటకు కేరీగారు ఆ కూటముననే ఒప్పుకొనిరి. ఆ నాటి సంగతిని తరువాత జ్ఞాపకము చేసికొనుచు ఫుల్లరుగారు ఒక యుపమానము చెప్పుచుండెడివారు. హిందూదేశము లోతెన్నడును కొలువబడని బంగారుగనివంటిది; దానిలోనికి దిగుటకు కేరీగారు సిద్ధపడిరి; పైనున్నవారు మోకు విడువక పట్టుకొనవలెనని వారు కోరిరి; ప్రాణమున్నంతవరకు విడువమని మేము మాట యిచ్చితిమి, అని దాని తాత్పర్యము. ఫుల్లరుగారు ఆ మాట నిలుపుకొనిరి. 1815లో తాము మరణించువరకు ఊరూర తిరిగి చందాలు వసూలుచేసి, ఉత్తరములు వ్రాసి, ఆ మోకును పట్టియే యుండిరి.

బావిలో దిగువానికి మోకు ఎంత ముఖ్యమో మన పల్లెటూళ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్క పోగు ఎంత గట్టిదైనను మోకు కానేరదు. అనేకమైన పోగులను కలిపి పేనినప్పుడే మనుష్యుని బరువును మోయగలదు. కెటరింగులో కూడినవారు సంఘపు పోగులను లెక్కించిరి గాని, ఇంటిలోని పోగును లెక్కించుట మరచిరి. కేరీగారు ఒప్పుకొన్న సమయమున డారతీగారు అచట లేరు. ఆమెను ఎవరును అడుగలేదు.

కాదన్న మాట

కేరీగారు లెస్టరు పట్టణమునకు తిరిగి వచ్చి ఈ వార్త చెప్పినప్పుడు డారతీగారు తాము రాజాలమనిరి. తరువాత వ్రాసిన కొందరు చరిత్రకారులు ఆమెను అల్పవిశ్వాసురాలని నిందించిరి. నిందించుటకు ముందు ఆమె స్థితిని విచారింతము. ఆమె అప్పటికి గర్భవతి. ఫీలిక్సునకు ఏడేండ్లు, విలియమునకు నాలుగేండ్లు, పీటరునకు మూడేండ్లు. ఇద్దరు ఆడుబిడ్డలను అదివరకే మట్టిచేసి యుండెను. 1793 ఫిబ్రవరిలో ఇంగ్లండునకు ఫ్రాన్సునకు యుద్ధము ప్రారంభమైనందున సముద్రమార్గము అపాయకరమయ్యెను. బంగాళమునకు ఓడ చేరుటకు ఐదారు మాసములు పట్టును. వ్రాసిన యుత్తరమునకు ప్రత్యుత్తరము రావలెనన్న ఒక సంవత్సరము గడచిపోవును. సంఘము చేతిలోని ధనము ఎంతకాలము వచ్చునో ఎవరికిని తెలియదు. తామసుగారికి అప్పులు మిక్కుటముగా నుండినవి. ఇవన్నియు ఆమె కల్పించుకొన్న భయములు కావు. లెక్కకు వచ్చు భయములే. కేరీగారి తండ్రియు తన కుమారునికి మతి చలించినదేమోయని సందేహించిరి.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని మన ప్రభువు చెప్పిన యుపమానము మన మెరుగుదుము. ఆ యింటిలో ఖర్చును లెక్కపెట్టినది డారతీగారు. లెక్కపెట్టి, చాలదని నిజము చెప్పెను. నిజము చెప్పుట విశ్వాసమునకు విరోధము కాదు. మనస్సులో లేని యంగీకారమును పెదవులతో పలుకుటకంటె అది మేలు.

కేరీగారి స్థితియు సులభమైనది కాదు. పిలుపు దేవునిదని వారు నిశ్చయముగా నమ్మిరి. మాట యిచ్చి వెనుకకు పోవుట వారికి అసాధ్యము. కావున వారు నడిమి మార్గ మొకటి చూచుకొనిరి. పెద్ద కుమారుడైన ఫీలిక్సును తనతో తీసికొని వెళ్లుట, భార్యను చిన్నబిడ్డలను పిడింగ్టనులో ఆమె చెల్లెలైన కిట్టీగారి తోడులో ఉంచుట, బంగాళములో నిలువ నీడ యేర్పడిన పిమ్మట వచ్చి వారిని తీసికొనిపోవుట యను ఏర్పాటు చేసిరి. 1793 ఏప్రిలు మొదట ఎర్ల్ ఆఫ్ ఆక్స్ఫర్డు అను ఓడ నెక్కిరి.

ఓడ దింపివేయుట

ఆ కాలమున హిందూదేశమునకు పోవు ఆంగ్లేయులకు ఈస్టిండియా కంపెనీవారి అనుమతిపత్రము ఆవశ్యకము. వర్తకమునకు భంగము కలుగునను భయముచేత కంపెనీవారు మిషనెరీలకు అట్టి పత్రము లిచ్చుటకు సమ్మతింపరైరి. 1813లో పార్లమెంటు కంపెనీ పట్టాను మరల మంజూరు చేసినప్పుడు గాని మిషనెరీల ప్రవేశమునకు మార్గము తెరువబడలేదు. తామసుగారును, కేరీగారును ఆ పత్రము లేకయే, ఓడ నాయకుని దయవలన పయనము కట్టిరి.

ఓడ వైటు ద్వీపమువద్ద తోడు ఓడలకొరకు వారముల తరబడి నిలిచి యుండవలసి వచ్చెను. అచట కాచుకొని యుండగానే డారతీగారు నాలుగవ కుమారుని ప్రసవించినట్లు కేరీగారికి వార్త వచ్చెను. ఆ బిడ్డకు జాబెజు అని పేరుపెట్టిరి. కేరీగారు భార్యకు వ్రాసిన యుత్తరములో, లోకమంతయు తనదైనచో దాని నిచ్చివేసియైనను ఆమెను బిడ్డలను తనతో నుంచుకొందుననియు, కర్తవ్యము మాత్రము తన్ను బలవంతపెట్టుచున్నదనియు తెలియజేసిరి. ఆ యుత్తరమును చదివినవారు ఆయన కఠినహృదయుడని చెప్పజాలరు.

ఇంతలో, అనుమతిపత్రము లేనివారిని ఎక్కించుకొన్నందున నీపై ఫిర్యాదు కాగలదని ఓడ నాయకునికి పేరు లేని యుత్తరము వచ్చెను. ఆయన భయపడి మే మాసములో కేరీగారిని, ఫీలిక్సును, తామసుగారిని ఓడనుండి దింపివేసెను. తామసుగారి భార్యయు కుమార్తెయు అదే ఓడలో ముందుకు సాగిపోయిరి. ఒడ్డున సామానులతో నిలిచిన కేరీగారికి తమ సన్నాహ మంతయు నీళ్లపాలైనట్లు తోచియుండవచ్చును. కాని ఆ యోడ వారిని దింపకపోయినయెడల డారతీగారిని రెండవసారి అడుగుటకు అవకాశమే యుండెడిది కాదు. కేరీగారు ఆ యాటంకములో దేవుని చేతిని చూచిరి.

ఒక్క దినములో

తామసుగారు లండనులో విచారింపగా, డెన్మార్కు దేశపు ఓడ యొకటి కొద్ది దినములలో ఇంగ్లండు తీరమువద్ద నిలిచి బంగాళమునకు పోవునని తెలిసెను. అన్యదేశపు ఓడ గనుక కంపెనీవారి యధికారము దానిపై చెల్లదు. అయితే పూర్తి చార్జీ పెద్దవారికి 100 పౌనులు, బిడ్డలకు 50 పౌనులు, పరిచారకులకు 25 పౌనులు. కేరీగారును తామసుగారును రాత్రియంతయు ప్రయాణముచేసి తెల్లవారుసరికి పిడింగ్టను చేరి, డారతీగారి యింట ఉదయ భోజనమునకు కూర్చుండిరి.

పసిబిడ్డకు అప్పటికి నెల కూడ నిండలేదు. భర్త మరల అడిగెను. ఆమె మరల కాదనెను. మిత్రులిద్దరును ధనము సమకూర్చుటకు నార్తాంప్టనుకు బయలుదేరిరి. కొంతదూరము పోయిన పిమ్మట తామసుగారు ఆగి, తాను మరియొకసారి మాటలాడి చూచెదననిరి. వెనుకకు మరలి వెళ్లి, ఇప్పుడు రానియెడల కుటుంబము శాశ్వతముగా చెదరిపోవుననియు, బ్రతికినంతకాలము పశ్చాత్తాపపడవలసివచ్చుననియు ఆమెతో చెప్పిరి. ఆమె కలత నొంది, చెల్లెలు కిట్టీ తోడు వచ్చినయెడల తానును వత్తునని పలికెను.

అప్పుడు అందరి చూపులును కిట్టీగారిపై పడినవి. ఆమెకు ఎవరును పిలుపు వినిపింపలేదు. ఏ సంఘమును ఆమెను ఎన్నుకొనలేదు. ఆమె కొన్ని నిమిషములు సెలవు పుచ్చుకొని, గదిలోనికి పోయి, ఏకాంతముగా ప్రార్థించి, తిరిగి వచ్చి తాను వత్తునని చెప్పెను. ఈ కథయందు విశ్వాసమునకు ఉదాహరణ మేదని నన్నడిగినచో, ఆ కొన్ని నిమిషములనే చూపుదును. కేరీగారి పిలుపు అనేక సంవత్సరముల పఠనమువలన పక్వమైనది. కిట్టీగారిది అక్కపై ప్రేమయు, దేవునిపై నమ్మకమును కలిసి ఒక్క యుదయములో పుట్టినది. ఆమె లేనిదే ఆ కుటుంబము కదలియుండదు.

మిగిలిన దంతయు ఒక్క దినములో జరిగెను. అమ్మదగిన సామాను అమ్మివేయబడెను; కొనిపోదగినది మూటకట్టబడెను. నార్తాంప్టనులోని రైలండుగారు తమవద్ద నున్న కొద్ది సొమ్ము నిచ్చి, తక్కినదానికై లండనులోని మిత్రులకు ఉత్తరములు వ్రాసి యిచ్చిరి. ఓడ ప్రతినిధితో మాటలాడి ఎనమండుగురికిని కలిపి 300 గినీలకు ఒప్పించిరి. చార్జీ తగ్గుటకై తామసుగారును కిట్టీగారును పరిచారకులుగా పేర్లు వ్రాయించుకొనిరి. ఓడ నాయకుడు మాత్రము వారినందరిని సమానముగా ఆదరించెను. 1793 జూన్ 13వ తేదీన డోవరువద్ద క్రోన్ ప్రిన్సెస్సా మరియా అను ఆ యోడను ఎక్కి, ఐదు మాసములు సముద్రముపై గడపి, నవంబరు 11వ తేదీన కలకత్తా చేరిరి. ఆ దినములు వృథా కాలేదు. తామసుగారివద్ద కేరీగారు వంగభాష నేర్చుకొనిరి. ఆదికాండము వంగభాషలోనికి తిరుగుచుండగా హెబ్రీ మూలమును చూచి తోడ్పడిరి.

చెల్లించిన వెల

కథను ఇచ్చటితో ముగించినచో వినుటకు ఇంపుగా నుండును గాని న్యాయముగా నుండదు. బంగాళములో వారు మొదట దరిద్రమునందును, జ్వరములయందును కాలము గడపిరి. కిట్టీగారు అచటనే వివాహము చేసికొని అక్క యింటిని విడిచిరి. 1794లో మదనాబాటి నీలిమందు కార్ఖానాలో కేరీగారికి ఉద్యోగము దొరకిన కొద్ది మాసములకే, ఐదేండ్ల పీటరు విరేచనములచేత మరణించెను. పరదేశీయుని శవమును తాకుటకు చుట్టుప్రక్కలవారు జంకినందున ఆ బిడ్డను పాతిపెట్టుట కూడ దుస్తరమయ్యెను. ఆ దుఃఖమునుండి డారతీగారు కోలుకొనలేదు. 1795 నాటికి ఆమె మనస్సు చెదరెను. పండ్రెండేండ్లకు పైగా ఆ వ్యాధితో బాధపడి, 1807 డిసెంబరు 8వ తేదీన శ్రీరామపురమున మరణించెను. ప్రక్కగదిలో ఆమె కేకలు వినబడుచుండగా కేరీగారు గ్రంథానువాదము సాగించిన దినములు గలవు.

ఆ తల్లి స్థానమున బిడ్డలను చేరదీసినది, 1799లో వచ్చిన హన్నా మార్షుమనుగారు. దారి తప్పనున్న ఫీలిక్సును మిత్రునివలె పట్టి నిలిపినది, ముద్రాలయపు యజమానియైన విలియము వార్డుగారు. 1800లో శ్రీరామపురమున చేరిన కుటుంబములన్నియు ఒకే బల్లయొద్ద భుజించుచు, ఒకే ఖజానానుండి ఖర్చుపెట్టుకొనుచు నుండుటకు ఏర్పాటు చేసికొనిరి. ఒంటరిగా మదనాబాటిలో మోయలేని బరువును పది చేతులు కలిసి మోసినవి. ఫీలిక్సు తరువాత బర్మాకును, జాబెజు అంబోయినా ద్వీపమునకును మిషను పనిమీద వెళ్లిరి. తల్లి చేతిలో నెలబిడ్డగా ఓడ యెక్కిన జాబెజు తానే యొక మిషనెరీగా మరల ఓడ యెక్కెను.

ఇట్టి ఫలము కలిగినది గనుక ఆ యుదయపు తొందర సరియైనదే యని కొందరందురు. ఇట్టి దుఃఖము కలిగినది గనుక ఆ ప్రయాణమే తప్పని మరికొంద రందురు. ఈ రెండు తీర్పులును తేలికైనవే. పీటరు మరణమునకు కారణము బంగాళపు వ్యాధి. ఇంగ్లండునందును ఆ దంపతులు బిడ్డలను పోగొట్టుకొనియే యుండిరి. ఓడ కాచుకొని యుండునది కాదు. అయినను ఒక్కమాట చెప్పవలసియున్నది. పశ్చాత్తాపపడుదువని బెదరించి పొందిన సమ్మతి, మనస్సు నెమ్మదించి యిచ్చిన సమ్మతితో సమానము కాదు. జనవరినుండి జూన్ వరకు ఐదు మాసములు గడచెను. ఆ కాలములో సంఘపు పెద్దలు డారతీగారితో కూర్చుండి, ఆమె భయములను ఒక్కొక్కటిగా విని, తీర్పదగినవానిని తీర్చియుండినచో, ఆమె దుఃఖమును మోయుటకు మరి కొంత బలముతో వెళ్లియుండునేమో. పిలిచిన దేవుడు భర్తకు మాత్రమే దేవుడు కాడు. భయపడు భార్యకును ఆయనయే దేవుడు.

అనంతర కాలపు మిషను సంఘములు ఈ పాఠమును కొంతవరకు నేర్చుకొన్నవి. దూరదేశమునకు పోవు దంపతులను ఇద్దరిని వేర్వేరుగ ప్రశ్నించుట, వైద్యపరీక్ష చేయించుట, భాష నేర్పుట, బిడ్డల చదువునకు ఏర్పాటు చేయుట నేడు సన్నాహములో భాగములు. ఇవి విశ్వాసము తక్కువై చేయునవి కావు. విశ్వాసముతో దిగువానికి గట్టి మోకు నందించుటయే.

మనకు తగిన మాట

ఇది తెల్లవారి కథ మాత్రమే కాదు. 1860నుండి చెన్నపట్టణపు రేవుగుండ అనేకులైన తెలుగు కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లి చెరకు, తేయాకు తోటలలో పనిచేసిరి. వారికి సువార్తయు, కాపరితనమును కావలెనని తెలుగు బాప్తిస్టుల స్వదేశ మిషను సంఘము 1903లో జాన్ రంగయ్యగారిని అచటికి పంపెను. వారు 1915లో మరణించువరకు నేటాలులో పనిచేసి సంఘములను స్థాపించిరి. కెటరింగులో పొడుముడబ్బీ పట్టుకొన్నవారివలెనే, ఆయనను పంపిన తెలుగు సంఘములును ధనికములైనవి కావు. సువార్తను అందుకొన్నవారే ఒక నూరేండ్లు గడచిన పిమ్మట మోకు పట్టువారైరి.

మన పాఠశాలలో చదువు విద్యార్థినీ విద్యార్థులలో కొందరు సేవకై దూరదేశములకు వెళ్లవచ్చును. మరి యనేకులు నర్సులుగను, ఉపాధ్యాయులుగను, ఇతరోద్యోగులుగను ఇల్లు విడిచి పోవుదురు. అట్టివారు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది, కేరీగారివలె ముందుగా నేర్చుకొనవలెను. పటమును చూడనివాడు దారిని నమ్మలేడు. రెండవది, నిశ్చయము చేసికొనుటకు ముందే ఇంటివారిని అడుగవలెను. మాట యిచ్చివచ్చి తెలియజేయుట అడుగుట కాదు. మూడవది, కాదన్నవారి మాటను ఓపికతో వినవలెను. ఆ మాటలో మనము లెక్కింపని ఖర్చు యుండవచ్చును.

వెళ్లనివారికిని ఒక మాట కలదు. మీ యన్నయో, అక్కయో, మిత్రుడో ఒకనాడు వెళ్లునప్పుడు, కిట్టీగారివలె కొన్ని నిమిషములు ఏకాంతముగా ప్రార్థించి, మీరు చేయగలిగిన దేమో విచారించుకొనుడు. ప్రయాణమునకు తోడు పోవుట అందరికిని సాధ్యము కాదు. వృద్ధులైన తల్లిదండ్రులను చూచుట, ఉత్తరమునకు వెంటనే ప్రత్యుత్తరము వ్రాయుట, నెలకు కొంత సొమ్ము ప్రత్యేకించుట, పేరు పేరున ప్రార్థించుట మాత్రము అందరికిని సాధ్యమే. తెలుగు వ్యాకరణపు మొదటి పుటపై కేరీగారి పేరొక్కటియే యున్నది. ఆ పేరు వెనుక, రిజిస్టరులో పేరు వ్రాయలేక గుర్తు పెట్టిన డారతీగారును, ఏ పుటపైనను పేరు లేని కిట్టీగారును ఉన్నారని మనము మరువకుందుము గాక.